దూరం కాదు, దారి అడగండి



ఈ రోజు మనం ఒక చిన్న ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. మనందరం రోజూ అడిగే ప్రశ్నే. "ఆ ఊరు ఇక్కడికి ఎంత దూరం?" అని. ఇప్పుడు దీనికి జవాబు చెప్పడానికి ఎవరో పెద్దమనిషి అక్కర్లేదు. చేతిలో ఫోను ఉంటే చాలు. రెండు ఊళ్ళ పేర్లు కొడితే ఇన్ని కిలోమీటర్లు, విమానంలో ఇంతసేపు అని క్షణంలో చూపిస్తుంది. ఆ అంకె చూసి మనం ప్రయాణం ఖాయం చేసుకుంటాం. పెళ్ళికి ఎప్పుడు బయల్దేరాలి, పరీక్షకి ఏ రోజుకి చేరాలి, ఆసుపత్రిలో ఉన్న అమ్మ దగ్గరికి ఎప్పటికి వెళ్ళగలం... అన్నీ ఆ అంకెని బట్టే లెక్క వేస్తాం.

ఆ అంకెలో తప్పేమీ ఉండదు. కానీ విమాన దూరమంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గీత గీస్తే వచ్చే అంకె. మనం గీత మీద ప్రయాణం చెయ్యం. దారి మీద చేస్తాం. ఈ గీతకీ ఆ దారికీ మధ్య ఎంత తేడా ఉంటుందో ఈ రోజు చూద్దాం. దానికోసం మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను. అమెరికాలో అన్నిటికన్నా పెద్ద రాష్ట్రం అలాస్కాకి.

అలాస్కాలో రెండు చిన్న ఊళ్ళున్నాయి. ఒకటి నోమ్. బేరింగ్ సముద్రం ఒడ్డున ఉంటుంది. 1899లో అక్కడ సముద్రపు ఇసుకలో బంగారం దొరికింది. జనం వేలంవెర్రిగా వచ్చి పడ్డారు. ఇప్పుడు అంత జనం లేరు. 2020 లెక్కల ప్రకారం నాలుగువేల లోపే. రెండో ఊరు ఉట్కియాగ్విక్. దీన్ని 2016 దాకా బారో అనేవాళ్ళు. అమెరికాలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న పట్టణం ఇదే. జనాభా అయిదువేల లోపు. ఇక్కడ నవంబరు నెల నడిమి దాటాక సూర్యుడు అస్తమిస్తే, మళ్ళీ కనపడేది జనవరి నాలుగో వారంలో. అంటే రెండు నెలల పైన సూర్యోదయమే ఉండదు. ఈ రెండు ఊళ్ళలోనూ ఇన్యూపియాట్ అనే ఆదివాసీ జనం ఎన్నో తరాలుగా ఉంటున్నారు.

ఇప్పుడు మన ప్రశ్న వేద్దాం. నోమ్ నుంచి ఉట్కియాగ్విక్ ఎంత దూరం? ఆకాశంలో నేరుగా కొలిస్తే సుమారు 835 కిలోమీటర్లు. మనకి తెలిసిన ఊళ్ళలో చెప్పాలంటే, హైదరాబాదు నుంచి భువనేశ్వర్‌కి విమాన దూరం కూడా ఇంచుమించు ఇంతే. హైదరాబాదు నుంచి భువనేశ్వర్‌కి విమానంలో గంటన్నర, కొంచెం అటూ ఇటూ. కాబట్టి నోమ్ నుంచి ఉట్కియాగ్విక్‌కి కూడా గంటన్నర అని ఎవరైనా చెప్తారు. నేరు దూరాన్ని బట్టి లెక్క కట్టే ఫోను కూడా అదే చెప్తుంది.

కానీ నోమ్‌లో ఉన్న మనిషి ఆ గంటన్నరలో వెళ్ళలేడు. ఎందుకంటే ఈ రెండు ఊళ్ళ మధ్య నేరుగా పెద్ద విమానం లేదు. రోడ్డు లేదు. రైలు లేదు. నోమ్ నుంచి మూడు రోడ్లు బయల్దేరతాయి. మూడూ కొంత దూరం పోయి ఆగిపోతాయి. ఏ ఒక్కటీ మిగతా రాష్ట్రంలోని రోడ్లతో కలవదు. ఉట్కియాగ్విక్‌కి బయటినుంచి వచ్చే రోడ్డే లేదు. సముద్రం ఉంది కదా అంటారా? అది ఏడాదిలో చాలా నెలలు గడ్డకట్టి ఉంటుంది. వేసవిలో కొన్నాళ్ళు మాత్రం సరుకులు మోసే పడవలు వస్తాయి.

మరి మనిషి ఎలా వెళ్తాడు? ముందు నోమ్ నుంచి ఆంకరేజ్‌కి వెళ్తాడు. ఆంకరేజ్ అలాస్కాలో అన్నిటికన్నా పెద్ద నగరం. అది దక్షిణం వైపున ఉంది. అతను వెళ్ళాల్సిందేమో ఉత్తరానికి. అయినా ముందు ఆగ్నేయంగా 865 కిలోమీటర్లు వెళ్ళాలి. అక్కడ విమానం మారాలి. తర్వాత ఉత్తరంగా ఇంకో 1,165 కిలోమీటర్లు. రెండూ కలిపితే 2,030. చూడండి, ఊళ్ళ మధ్య దూరం 835. ప్రయాణించే దూరం 2,030. దాదాపు రెండున్నర రెట్లు.

ఇది మనకి కొత్త సంగతి కాదు. గోదావరి జిల్లాల వాళ్ళకి బాగా తెలుసు. నరసాపురం రేవులో నిలబడితే ఎదురుగా సఖినేటిపల్లి కనిపిస్తుంది. పంటు అనే పడవ ఎక్కితే కాసేపట్లో అవతలి ఒడ్డున దిగుతారు. కానీ గోదావరికి వరద వచ్చిందనుకోండి. పంటు ఆపేస్తారు. అప్పుడు ఎదురుగా కనిపించే ఊరికి వెళ్ళాలన్నా చించినాడ వంతెన దాకా పోయి, చుట్టు తిరిగి రావాలి. నది వెడల్పు పెరిగినందువల్ల ఆ ఊరు దూరం కాలేదు. దారి మారినందువల్ల దూరమైంది. నోమ్‌కీ ఉట్కియాగ్విక్‌కీ మధ్య పంటు లేదు. వాళ్ళ వంతెన ఆంకరేజ్‌లో ఉంది. అంతే.

ఇప్పుడు సమయం సంగతి. విమానం ఎంతసేపు ఎగురుతుందో మనమే లెక్క కట్టుకోవచ్చు. చాలా తేలిక. కాగితం కూడా అక్కర్లేదు. పెద్ద జెట్ విమానం గంటకి సుమారు 800 కిలోమీటర్లు పోతుంది. కాబట్టి దూరాన్ని 800తో భాగించండి. వచ్చిన దానికి అరగంట కలపండి. ఆ అరగంట ఎందుకు? విమానం నేల మీద నడిచి రన్‌వే దాకా పోవాలి. పైకి ఎక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. దిగేటప్పుడూ ఉండదు. దానికన్నమాట ఈ అరగంట. మళ్ళీ చెప్తాను. దూరాన్ని 800తో భాగించండి, అరగంట కలపండి.

నోమ్ నుంచి ఆంకరేజ్ 865 కిలోమీటర్లు. భాగిస్తే గంట పైన కొంచెం. అరగంట కలిపితే గంటన్నర, ఇంకొక అయిదు నిమిషాలు. ఆంకరేజ్ నుంచి ఉట్కియాగ్విక్ 1,165. భాగిస్తే గంటా ఇరవై ఏడు నిమిషాలు. అరగంట కలిపితే రెండు గంటలకి కొంచెం తక్కువ. అక్కడి విమానాలు నిజంగా తీసుకునే సమయం కూడా ఇంచుమించు ఇంతే.

మన దగ్గర చిన్న ఊళ్ళకి తరచుగా ఏటీఆర్ విమానాలు తిరుగుతుంటాయి. రెక్కలకి పంకాలు ఉంటాయి, చూసే ఉంటారు. అవి గంటకి 500 కిలోమీటర్లు పోతాయి. కాబట్టి వాటికి 500తో భాగించాలి. హైదరాబాదు నుంచి తిరుపతి ఆకాశంలో సుమారు 420 కిలోమీటర్లు. ఏటీఆర్‌లో అయితే యాభై నిమిషాలు, దానికి అరగంట. మొత్తం గంటా ఇరవై నిమిషాలు. అదే జెట్ విమానంలో అయితే గంట. దూరం అదే. విమానం మారితే సమయం మారింది.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. గోడకి వేలాడే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి దూరం కొలిచేవాళ్ళున్నారు. భూమి గుండ్రంగా ఉంది. దాన్ని బల్లపరుపుగా పరిచి పటం గీస్తే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. బళ్ళలో మనం ఎక్కువగా చూసిన మెర్కేటర్ పటంలో ధ్రువాలకి దగ్గర పడేకొద్దీ నేల సాగిపోతుంది. విజయవాడ దగ్గర ఆ సాగుడు నూటికి నాలుగు పాళ్ళే. నోమ్ దగ్గర రెండు రెట్ల పైన. ఉట్కియాగ్విక్ దగ్గర మూడు రెట్లు. అందుకని మన దేశానికి సరిపోయే కొలతతో ఆ పటం మీద వీటి మధ్య దూరం చూస్తే 835కి బదులు రెండువేల పైచిలుకు కనపడుతుంది. అక్కడ కూడా గీతే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

సరే, ఇప్పుడు మన ప్రయాణికుడి దగ్గరికి వద్దాం. మొదటి విమానం గంటన్నర. రెండో విమానం రెండు గంటలు. కలిపితే మూడున్నర గంటలు. అంటే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరిపోతాడు కదా? చేరడు. ఎందుకంటే ఎగిరే సమయం వేరు. ప్రయాణ సమయం వేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎగిరే సమయం వేరు, ప్రయాణ సమయం వేరు.

ఆంకరేజ్‌లో దిగిన వెంటనే ఉట్కియాగ్విక్ విమానం సిద్ధంగా ఉండదు. ఆ ఊరికి రోజుకి ఉండేవి కొద్ది విమానాలు. అతను దిగేసరికి అది వెళ్ళిపోయి ఉండొచ్చు. అప్పుడు ఆ రాత్రి ఆంకరేజ్‌లోనే పడుకోవాలి. హోటలు ఖర్చు, తిండి ఖర్చు, ఒక రోజు జీతం. ఇవేవీ కిలోమీటర్లలో కనపడవు. పైగా కొన్ని విమానాలు మధ్యలో ఇంకో ఊళ్ళో దిగి వెళ్తాయి. నోమ్ విమానం కాట్జిబ్యూ అనే ఊరు కూడా చూసుకుని వెళ్ళడం చాలాకాలం నుంచి ఉన్న అలవాటే. ఒక్కొక్క దిగుడుకీ ముప్పావుగంటో గంటో పోతుంది.

ఆ పైన వాతావరణం. అది ఎవరి మాటా వినదు. 1935 ఆగస్టు 15న జరిగిన ఒక సంగతి చెప్తాను. వైలీ పోస్ట్ అని గొప్ప విమాన చోదకుడు. 1933లో ఒంటరిగా విమానంలో ప్రపంచం చుట్టి వచ్చిన మొదటి మనిషి. ఆయన, విల్ రోజర్స్ అనే పేరున్న నటుడు కలిసి అలాస్కాలోనే ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి బారోకి, అంటే ఇప్పటి ఉట్కియాగ్విక్‌కి, బయల్దేరారు. పొగమంచులో దారి తప్పారు. ఒక నీటి మడుగు మీద దిగి, అక్కడున్న ఇన్యూపియాట్ వాళ్ళని బారో ఎటు అని అడిగారు. మళ్ళీ పైకి లేచారు. లేచిన వెంటనే ఇంజను ఆగి విమానం పడిపోయింది. ఇద్దరూ చనిపోయారు. ప్రపంచమంతా తిరిగొచ్చిన మనిషికి ఆ ఊరు కొద్ది నిమిషాల దూరంలో ఉండగా ఇలా జరిగింది. ఇప్పుడు ఉట్కియాగ్విక్ విమానాశ్రయానికి వాళ్ళిద్దరి పేర్లే పెట్టారు.

ఈ రోజుల్లో విమానాలు చాలా భద్రమైనవి. దారి చూపించడానికి ఉపగ్రహాలున్నాయి. అయినా పొగమంచు పొగమంచే. రన్‌వే కనపడకపోతే విమానం దిగదు. తిరిగి ఆంకరేజ్ వెళ్ళిపోతుంది. దిగకపోవడమే సరైన పని. కానీ మన ప్రయాణికుడికి ఇంకో రోజు పోతుంది. ఆ రోజు కూడా లెక్కలో వేసుకోకపోతే తప్పు మనదే.

శ్రోతలారా, ఇప్పుడు నోమ్ చరిత్రలో ఒక ఘట్టం చెప్తాను. దూరం అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పే కథ నాకు తెలియదు. 1925 జనవరి. నోమ్‌లో పిల్లలకి డిఫ్తీరియా వచ్చింది. మనం కంఠసర్పి అంటాం. గొంతులో పొర కట్టి ఊపిరాడనివ్వదు. ఊళ్ళో ఉన్న డాక్టరు కర్టిస్ వెల్చ్. ఆయన దగ్గరున్న మందు పాతది, గడువు దాటిపోయింది. పిల్లలు చనిపోవడం మొదలైంది. సముద్రం గడ్డకట్టింది. ఓడ రాదు. మందు ఆంకరేజ్ ఆసుపత్రిలో ఉందని తెలిసింది.

ఆంకరేజ్ ఎంత దూరం? ఇందాక చెప్పుకున్నాం. 865 కిలోమీటర్లు. కానీ అప్పుడు ఆ గీత మీద వెళ్ళే సాధనం లేదు. విమానాలు అప్పటికే వచ్చాయి. ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉన్నాయి కూడా. కానీ చలికాలానికని వాటిని విప్పి పెట్టేశారు. చోదకుడు కూచునే చోటికి పైకప్పు లేదు. ఆ చలిలో వాటిని నమ్మడానికి అధికారులు ఒప్పుకోలేదు. అందుకని మందుని ముందు రైల్లో ఉత్తరంగా నెనానా అనే ఊరికి పంపారు. అక్కడినుంచి కుక్కల బళ్ళు.

నెనానా నుంచి నోమ్‌కి ఆకాశంలో కొలిస్తే 780 కిలోమీటర్లు ఉంటుంది. కుక్కల బళ్ళు వెళ్ళిన దారి 1,085 కిలోమీటర్లు. ఎందుకంటే ఆ దారి నదుల వెంబడి పోతుంది. టననా నది, తర్వాత యూకాన్ నది, ఆ తర్వాత సముద్రపు ఒడ్డు. ఇరవైమంది తోలేవాళ్ళు. సుమారు 150 కుక్కలు. ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి మందు మారుతూ వెళ్ళింది. సున్నాకి నలభై డిగ్రీల కింద చలి. లియోన్‌హార్డ్ సెప్పాలా అనే ఆయన దగ్గరి దారి అని గడ్డకట్టిన నార్టన్ అఖాతం మీదుగానే బండి తోలాడు. కాలి కింద మంచు ఎప్పుడు విరుగుతుందో తెలియదు. ముందు నడిచిన కుక్క పేరు టోగో. ఆఖరి మజిలీలో గన్నార్ కాసెన్ బండికి ముందు నడిచింది బాల్టో.

జనవరి 27 రాత్రి నెనానాలో బయల్దేరిన మందు ఫిబ్రవరి 2 తెల్లవారుజామున నోమ్ చేరింది. 127 గంటలన్నర. అయిదు రోజుల పైన. మామూలుగా ఆ దారిలో టపా రావడానికి మూడు వారాలకి పైగా పట్టేది. ఆ తర్వాత కొద్ది కాలానికే నోయెల్ వీన్ అనే చోదకుడు ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి నోమ్‌కి విమానం నడిపాడు. విమానానికి అది గంటల ప్రయాణమే.

నోమ్ ఒక్క అడుగు కూడా కదల్లేదు. కుక్కల బళ్ళు వచ్చినప్పుడు ఎక్కడుందో విమానం వచ్చినప్పుడూ అక్కడే ఉంది. కానీ రోజుల దూరంలో ఉన్న ఊరు గంటల దూరంలోకి వచ్చింది. ఊరి దూరాన్ని నిర్ణయించేది కిలోమీటర్లు కాదు, ఆ రోజు మనకి అందుబాటులో ఉన్న దారి అని నేను అంటున్నది ఇందుకే. ఇది మాటల కోసం చెప్పే మాట కాదు. ఆ ఊళ్ళో పిల్లల ప్రాణాలు దీనిమీదే ఆధారపడ్డాయి.

ఇంకో సంగతి. అంత మారినా దారి ఒక్కొక్కసారి వెనక్కి పోతుంది. 2011 నవంబరులో పెద్ద తుఫాను వచ్చింది. చలికాలానికి ముందు నోమ్‌కి రావాల్సిన ఇంధనం రాలేదు. ఈలోగా సముద్రం గడ్డకట్టింది. 2012 జనవరిలో రెండా అనే రష్యా నౌక ఇంధనంతో వచ్చింది. దానికి ముందు హీలీ అనే అమెరికా నౌక మంచుగడ్డని పగలగొట్టుకుంటూ దారి చేసింది. వెనక రెండా నడిచింది. అలా సుమారు 49 లక్షల లీటర్ల ఇంధనం ఆ ఊరికి చేరింది. వేసవిలో మామూలు పడవ వచ్చే దారే అది. చలికాలంలో దానికి మంచు పగలగొట్టే నౌక కావాల్సి వచ్చింది. కాబట్టి దారి అడిగేటప్పుడు ఏ నెలలో అని కూడా అడగాలి.

మరి చిన్న ఊరికీ చిన్న ఊరికీ మధ్య నేరుగా విమానం ఎందుకు వెయ్యరు? ఈ అనుమానం మీకు వచ్చే ఉంటుంది. విమానం ఎగరాలంటే సీట్లు నిండాలి. నోమ్ నుంచి ఉట్కియాగ్విక్‌కి రోజూ వెళ్ళేవాళ్ళు ఎంతమంది ఉంటారు? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ రెండు ఊళ్ళ నుంచీ ఆంకరేజ్‌కి వెళ్ళాల్సినవాళ్ళు చాలామంది. పెద్ద ఆసుపత్రి అక్కడుంది. కాలేజీలు అక్కడున్నాయి. పెద్ద దుకాణాలు అక్కడున్నాయి. అందుకని దారులన్నీ ఆంకరేజ్‌కి పోతాయి. చిన్న ఊళ్ళు రెండూ పెద్ద ఊరికి దగ్గరవుతాయి. ఒకదానికొకటి మాత్రం దూరంగానే ఉండిపోతాయి.

అలా వదిలేస్తే కొన్ని ఊళ్ళకి అసలు విమానమే ఉండదు. అందుకే అమెరికా ప్రభుత్వం 1978 నుంచి చిన్న ఊళ్ళకి విమానాలు నడపడానికి కొంత సొమ్ము భరిస్తోంది. మన దేశంలో ఉడాన్ పథకం వచ్చింది కూడా ఇలాంటి ఆలోచనతోనే. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదటి విమానాలు ఎగిరాయి. సిమ్లా నుంచి ఢిల్లీకి ఒకటి. అదే రోజు మన కడప నుంచి హైదరాబాదుకి ఒకటి. నాందేడ్ నుంచి హైదరాబాదుకి ఒకటి. ఆ పథకం మొదట్లో పెట్టుకున్న కొలత ఏమిటో తెలుసా? సుమారు 500 కిలోమీటర్లు, గంట ప్రయాణం, సగం సీట్లకి 2,500 రూపాయల లోపు ఛార్జీ. చూశారా, దూరాన్ని గంటతో కలిపి చెప్పారు. సామాన్యుడికి కావాల్సిన లెక్క అదే.

అయితే ఇక్కడ కూడా అదే సూత్రం. కడప హైదరాబాదుకి దగ్గరైంది. నాందేడ్ హైదరాబాదుకి దగ్గరైంది. అప్పుడు కడప నుంచి నాందేడ్‌కి వెళ్ళాలంటే? హైదరాబాదులో దిగి మారాల్సి వచ్చేది. మారే చోట ఎంతసేపు ఆగాలన్నదే ఆ ప్రయాణంలో అసలు దూరం.

ఇంకొక చిన్న జాగ్రత్త చెప్పి ముగింపుకి వస్తాను. గల్ఫ్ దేశాలకి వెళ్ళే మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. టికెట్టు మీద ఉండే సమయాలు ఏ ఊరివి ఆ ఊరివే. హైదరాబాదులో పొద్దున పది గంటలకి బయల్దేరిన విమానం దుబాయిలో పన్నెండున్నరకి దిగుతుందని రాసి ఉంటుంది. రెండున్నర గంటలే కదా అనుకుంటారు. కాదు. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది. అది కలిపితే నాలుగు గంటల ప్రయాణం. తిరిగి వచ్చేటప్పుడు కాగితం మీద అయిదు గంటలు దాటినట్టు కనిపిస్తుంది. అప్పుడు గంటన్నర తీసెయ్యాలి. అటు వెళ్ళేటప్పుడు కలపండి. ఇటు వచ్చేటప్పుడు తీసెయ్యండి. మధ్యలో విమానం మారేవాళ్ళు ఈ లెక్క చూసుకోకపోతే రెండో విమానం తప్పిపోతుంది.

గాలి సంగతి కూడా ఒక్క మాట. ఎత్తులో పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. అందుకే అమెరికాకి పడమటి దారిన వెళ్ళే విమానం కన్నా అదే దారిన తిరిగి వచ్చే విమానం తొందరగా వస్తుంది. కాబట్టి వెళ్ళడానికి పట్టినంత సమయమే రావడానికి పట్టాలని లేదు.

ఇప్పుడు ఈ రోజు చెప్పుకున్నదంతా ఒకచోటికి తెచ్చుకుందాం. ఇంటికి దూరంగా ఉన్న ఊరికి ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఎన్ని కిలోమీటర్లు అని ఆగిపోకండి. నేరుగా వెళ్ళే దారి ఉందా అని అడగండి. లేకపోతే ఎక్కడ మారాలి, అక్కడ ఎంతసేపు ఆగాలి అని అడగండి. ఆ దారి వారానికి ఎన్ని రోజులు నడుస్తుంది అని అడగండి. ఈ రోజుది తప్పిపోతే మళ్ళీ ఎప్పుడు అని అడగండి. ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. రోజుకి పది బస్సులున్న ఊరికి ఒక బస్సు తప్పితే గంట పోతుంది. వారానికి రెండు విమానాలున్న ఊరికి ఒకటి తప్పితే మూడు నాలుగు రోజులు పోతాయి. పెళ్ళికో పరీక్షకో ఇంటర్వ్యూకో వెళ్ళేవాళ్ళు ఆ తప్పిపోయే అవకాశాన్ని ముందే లెక్కలో వేసుకుని ఒక రోజు ముందు బయల్దేరండి. రెండు టికెట్లు విడివిడిగా కొనే బదులు ఒకే టికెట్టు మీద రెండు విమానాలూ ఉండేలా చూసుకోండి. మొదటిది ఆలస్యమైనందువల్ల రెండోది తప్పిపోతే, ఒకే టికెట్టు అయితే సాధారణంగా విమాన సంస్థే తర్వాతి దాంట్లో పంపుతుంది. విడిగా కొంటే ఆ నష్టం మీదే.

ఇది ప్రయాణికులకి. మనలో పెద్ద బాధ్యతల్లో ఉన్నవాళ్ళకి కూడా ఒక విన్నపం. ఆసుపత్రి ఎక్కడ కట్టాలి, అంబులెన్సు ఎక్కడ నిలబెట్టాలి, పరీక్షా కేంద్రం ఎక్కడ పెట్టాలి అని నిర్ణయించేటప్పుడు పటం మీద కిలోమీటర్లు చూడకండి. మన ఏజెన్సీ ప్రాంతంలో, గోదావరి లంకల్లో, నల్లమల అడవిలో పటం మీద దగ్గరగా కనిపించే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. వానాకాలంలో వాగు పొంగితే అక్కడినుంచి నిండు గర్భిణి ఆసుపత్రికి చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో చూడండి. ఆ గంటలే ఆ ఊరికి నిజమైన దూరం. నోమ్ పిల్లల డాక్టరు వంద సంవత్సరాల కిందట లెక్కపెట్టుకున్నది కూడా గంటలనే.

కాబట్టి శ్రోతలారా, ఈసారి ఎవరైనా మీ ఊరు ఎంత దూరం అని అడిగితే కిలోమీటర్లు చెప్పి ఊరుకోకండి. ఏ దారిన రావాలో, ఎక్కడ మారాలో, ఎన్ని గంటలు పడుతుందో, ఆఖరి బస్సు ఎప్పుడో కూడా చెప్పండి. వచ్చేవాళ్ళు సుఖంగా వస్తారు. మీరు బయల్దేరేటప్పుడు కూడా ఇవన్నీ అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే టికెట్టు కొనండి.